ముందు సీటు

ఉంగుటూరు
3 జూన్ 2025

మామయ్య గారికి,

యోగిత నమస్కారాలు.

మీరు ఫోన్ ఎత్తడం లేదు. వాట్సాప్‌లో పెట్టినవి చూడటం లేదు. నాన్న చేస్తే మాత్రం ఎత్తుతున్నారట. అంటే నా నంబరు చూసి పక్కన పెడుతున్నారని అర్థమైంది. ఉత్తరమైతే పోస్ట్‌మ్యాన్ చేతికే ఇస్తాడు కదా, అందుకని రాస్తున్నాను. కేస్ షీట్లు తప్ప కాగితం మీద ఇంకేమీ రాసి చాలా ఏళ్లయింది. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకండి.

నేను రెడ్డిగూడెం 108 బండి నుంచి ఉంగుటూరు బండికి మార్పించుకున్నాను. అడిగిన వారానికే ఇచ్చారు. అక్కడుంటే రోజుకి రెండుసార్లయినా మన మామిడి తోట గేటు ముందు నుంచి వెళ్లాలి. నా వల్ల కాలేదు. ఇక్కడంతా వరి. దుక్కులు ఇంకా మొదలవలేదు. కేసులు కూడా వేరు. అక్కడ కోతల కాలమంతా చెట్టు మీంచి పడ్డవాళ్లే వచ్చేవాళ్లు. ఇక్కడ బైకులు. నిన్న మాత్రం ఒకావిడ ఆసుపత్రికి చేరకుండానే బండిలో ప్రసవించింది. ఆడపిల్ల. బొడ్డుకి క్లిప్ పెట్టి, తుడిచి, తల్లి పొట్ట మీద పడుకోబెట్టాను. ఇలాంటిది జరిగిన రోజు డ్యూటీ దిగగానే అత్తయ్యకి ఫోన్ చేసేదాన్ని. పిల్ల ఏడ్చిందా, తల్లి ఏమంది, ఏ ఊరివాళ్లు, అన్నీ అడిగేది. నిన్న అలవాటుగా నంబరు నొక్కేశాను. మీ ఇంట్లోనే మోగి ఉంటుంది.

ఒకటి అడుగుతాను. అత్తయ్య ఇంట్లో కట్టుకునే నేత చీరల్లో ఒకటి ఇస్తారా? పట్టుది వద్దు. ఉతికి ఉతికి మెత్తబడ్డది ఏదైనా చాలు.

బీపీ మాత్ర ఉదయం టిఫిన్ తర్వాత వేసుకోవాలి. ఖాళీ కడుపున కాదు.

మీ
యోగిత

---

తోట, రెడ్డిగూడెం
8 జూన్ 2025

యోగితకు,

ఉత్తరం అందింది.

ఫోన్లో నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాలి. ఈ ఇంట్లో పోయింది నా భార్య. నాకు ఆ ఓపిక లేదు. అందుకే ఎత్తలేదు. సీతారావమ్మ ఫోను మోగింది. అది కూడా ఎత్తలేదు.

చీర పంపను. బీరువా ఇంకా తెరవలేదు.

చిన్న రసాలు దింపడం అయిపోయింది. కలెక్టర్ కాయ చెట్ల మీదే ఉంది. కూలీలు వచ్చి అడిగి వెళుతున్నారు. వచ్చే వారం చూద్దామంటున్నాను.

పెద్దకర్మ రోజు సంగతి రాస్తాను. వచ్చిన ఆడవాళ్లందరూ నీ చుట్టూ కూర్చున్నారు. ఎలా జరిగింది, ఏమంది, నొప్పి పడిందా అని నిన్నే అడిగారు. నువ్వు చెప్పావు, వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను పందిరి రాటకి ఆనుకుని నిలబడ్డాను. మా మేనత్త కొడుకు నా దగ్గరికి వచ్చి వివరాలు అడిగాడు. నాకు తెలియవన్నాను. అతను నమ్మలేదు. నువ్వు అదే బండిలో ఉన్నావుగా అన్నాడు.

ఉన్నాను. ముందు సీట్లో.

నేను వెనక ఎక్కబోతుంటే నీ చెయ్యి అడ్డం పెట్టావు. "మామయ్యా, మీరు ముందెక్కండి" అన్నావు. రోగి పక్కన ఇంటి మనిషిని ఒకరిని కూర్చోనిస్తారని తర్వాత తెలిసింది. మనిద్దరికీ మధ్య అడ్డుగోడలో అరచేతంత అద్దం ఉంది. అందులోంచి నాకు కనిపించింది నీ వీపు. యాభై రెండు నిమిషాలు నీ వీపు చూశాను.

నన్నెందుకు పంపించావు? ఆమె నీతో ఏం మాట్లాడింది?

ఈ రెండింటికీ జవాబు రాయి. మిగతావి రాయకపోయినా ఫరవాలేదు.

యలమంద

---

ఉంగుటూరు
14 జూన్ 2025

మామయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు ఇంత పొడుగు రాస్తారని అనుకోలేదు. ఇన్నేళ్లలో మీరు నాతో ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడలేదు.

ముందు సీటు గురించి. మా డ్రైవర్ని మేం పైలట్ అంటాం. ఆ రోజు పైలట్ మార్టిన్. శ్రీకాకుళం వైపు నుంచి బదిలీ మీద వచ్చి అప్పటికి పది రోజులు. మే నెలలో మామిడి ట్రాక్టర్లు ఎలా నిలబడతాయో మీకు తెలియంది కాదు. మార్కెట్ దగ్గర రెండు వైపులా వరస, మధ్యలో సైకిలు కూడా దూరదు. ఫోన్లో మ్యాపు చూస్తే ఆ రోడ్డే చూపిస్తుంది. తోటల మధ్య నుంచి పోయే బండిబాట మార్టిన్‌కి తెలియదు. ఏ కంచె ఎక్కడ తెరిచి ఉంటుందో, ఏ వాగు మీద చప్టా ఉందో మీకు తెలుసు. అందుకే ముందెక్కమన్నాను. మీరు దారి చూపించబట్టి ఇరవై నిమిషాలు కలిసొచ్చింది. మిమ్మల్ని దూరంగా పెట్టాలని కాదు మామయ్యా. ఆ ఆలోచన నాకు రాలేదు.

ఇంకోటి. పెద్దకర్మ రోజు మీ వాళ్లు ఇంజెక్షన్ ఎందుకివ్వలేదు అని అడిగారు. మీ మనసులో కూడా ఉండే ఉంటుంది. నేను బేసిక్ ఈఎంటీని. డాక్టర్ని కాదు, నర్సుని కూడా కాదు. బీపీ, పల్స్ చూస్తాను. ఆక్సిజన్ పెడతాను. రక్తం పోతుంటే కట్టు కడతాను, విరిగితే బద్ద కడతాను, కాన్పు చేస్తాను. గుండె ఆగితే నొక్కుతాను. గుండె నొప్పికి నమిలే మాత్ర ఒకటుంది, అత్తయ్యకి ఇచ్చింది అదే, ఇవ్వడం కూడా ఫోన్లో డాక్టర్ గారు సరేనంటేనే. నరానికి మందు ఎక్కించే బండి వేరే ఉంటుంది. అది మన వైపు లేదు. ఇన్ని రాస్తే సంజాయిషీలా ఉంటుందని తెలుసు. అయినా మీకు తెలియాలి. నా చేతిలో ఉన్నవన్నీ చేశాను. ఉన్నవే తక్కువ.

అత్తయ్య పెద్దగా ఏం మాట్లాడలేదు. మాస్క్ పెట్టాను కదా. మీ గురించి రెండుసార్లు అడిగింది. ఏం చేస్తున్నారంటే, దారి చూపిస్తున్నారని చెప్పాను. "ఆయనకి తెలుసులే" అంది.

కాయ దింపించండి. అత్తయ్య ఉంటే ఊరుకునేది కాదు.

ఉంటాను,
యోగిత

---

తోట, రెడ్డిగూడెం
20 జూన్ 2025

యోగితకు,

దారి సంగతి ఒప్పుకుంటున్నాను. మార్టిన్ కొత్తవాడే. రెండుచోట్ల నేనే దిగి కంచె తీశాను. మొదటిసారి దిగినప్పుడు వెనక్కి వెళ్లి తలుపు తెరిచి చూద్దామనుకున్నాను. తలుపు తెరవడానికి పట్టే సమయం కూడా ఆమెదే అనిపించి మళ్లీ ముందే ఎక్కాను.

పెద్దగా ఏం మాట్లాడలేదని రాశావు. అదే పేరాలో రెండుసార్లు అడిగిందని రాశావు. అద్దంలోంచి నీ తల ఊగడం చూశాను. నువ్వు వంగి వింటున్నావు. జవాబు చెబుతున్నావు. నూజివీడు ఊరు రాకముందు ఒకసారి అలా వంగి, చాలాసేపు లేవలేదు. తర్వాత ఫోను తీశావు. తర్వాత అద్దం మీద కొట్టి, మార్టిన్‌ని నూజివీడులో ఆగవద్దన్నావు. నేను అరిచాను. నీకు వినపడలేదేమో.

ఆసుపత్రి గేటు నా పక్క నుంచే వెనక్కి పోయింది.

నీకు ఒక సంగతి చెప్పాలి. ఇంట్లో ఉన్న బీపీ మిషన్ నేను విజయవాడలో కొన్నాను. వాడటం నేర్చుకున్నాను. అయినా ఆదివారం నువ్వు వచ్చేదాకా ఆమె నాతో చూపించుకునేది కాదు. నేను కడితే బిగుతంటుంది, నువ్వు కడితే నవ్వుతుంది. నువ్వు ఇంటర్ చదవడానికి మా ఇంటికి వచ్చిన మొదటి ఏడాది నుంచి అంతే. వెనక అరుగు మీద మీరిద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ ఉంటారు. నేను వస్తే ఆపేస్తారు. ఏంటని అడిగితే ఏం లేదంటారు. నేను మొహం కడుక్కుని ముందు వరండాలోకి వెళ్లి పేపరు చదువుకునేవాణ్ణి.

అప్పుడు పట్టుబట్టి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

కేస్ షీట్ నకలు కావాలని మీ జిల్లా ఆఫీసుకి అర్జీ పెట్టాను. నూజివీడులో ఎందుకు ఆగలేదో కూడా తెలపమని రాశాను. కోపంతో కాదు. నువ్వు చెప్పనిది కాగితమైనా చెబుతుందని.

కాయ నిన్న దింపించాను.

యలమంద

---

ఉంగుటూరు
27 జూన్ 2025

మామయ్య గారికి,

మీరు పెట్టింది అర్జీ అని మీరనుకుంటున్నారు. ఆఫీసులో కంప్లైంట్ కింద నమోదు చేశారు. పేషెంటు భర్త, దగ్గరి ఆసుపత్రిలో ఎందుకు ఆగలేదని రాతపూర్వకంగా అడిగారు, అది కంప్లైంటే అన్నారు. నన్ను పిలిచి అందరి ముందూ చదివి వినిపించారు. మార్టిన్‌కి కూడా నోటీసు వచ్చింది. అతను ఏం చేశాడు పాపం. నేను పోనిమ్మన్న వైపు పోనిచ్చాడు.

నాతో పనిచేసే హాసిని అడిగింది, సొంత మామయ్యేనా అని. అవునన్నాను. ఆస్తి గొడవలేమైనా ఉన్నాయా అంది. లేవన్నాను. మరేంటంది. ఏం చెప్పను? మా మామయ్యకి నా వీపు నచ్చలేదని చెప్పనా?

మేం నవ్వుకున్నవి రహస్యాలేం కావు. మీ గురించే. మీరు సైకిలు పంపుకి అమ్మాయిగారు అని పేరు పెట్టి, గాలి కొట్టడానికి ముందు దాన్ని బతిమాలేవారు చూడండి, దాని గురించి. మీరు కాఫీ బాగుందని ఎప్పుడూ అనకుండా గ్లాసు కింద పెట్టే చప్పుడుని బట్టి బాగుందో లేదో అత్తయ్య కనిపెట్టేది, దాని గురించి. మీరొస్తే ఆపేసేది ఎందుకంటే మీరు నొచ్చుకుంటారని. ఒక్కసారి వచ్చి మా పక్కన కూర్చుంటే చెప్పేవాళ్లం. మీరే ఎప్పుడూ గుమ్మంలో ఆగి వెనక్కి వెళ్లిపోయేవారు.

అత్తయ్య మీ భార్య. ఒప్పుకుంటాను. నాకు ఐదేళ్లు జడ వేసింది. నా మొదటి యూనిఫాం ఇస్త్రీ చేసింది. నాకు ఏడ్చే హక్కు కూడా మీ అనుమతి మీదే ఉంటుందా?

నకలు ఇస్తామన్నారు. చదువుకోండి.

యోగిత

---

తోట, రెడ్డిగూడెం
9 జూలై 2025

యోగితకు,

కంప్లైంట్ అవుతుందని నాకు తెలియదు. తెలిసి ఉంటే వేరేగా రాసేవాణ్ణి. రాయకుండా ఉండేవాణ్ణని మాత్రం చెప్పలేను. అబద్ధమవుతుంది.

ఏడవడానికి నా అనుమతి అక్కర్లేదు. ఆ వాక్యం చదివి రెండు రోజులు భోజనం సరిగా చేయలేదు.

నకలు వచ్చింది. ఒకే పేజీ. నీ చేతిరాత. బండి బయల్దేరింది 11.02. మొదటి బీపీ 110. మాత్ర ఇచ్చిన సమయం. చెమటలు. రెండో బీపీ 96. 11.21కి బీపీ 84, దాని పక్కన "మాటలో తడబాటు, మతి స్థిమితం తగ్గింది" అని రాశావు. కింద, డాక్టరు సలహాపై నూజివీడులో ఆగకుండా హనుమాన్ జంక్షన్ మీదుగా హైవే మీద ఉన్న పెద్దాసుపత్రికి. 11.43 పల్స్ లేదు. షాక్ మిషన్ పెట్టావు, షాక్ అవసరం లేదు నొక్కమని చెప్పింది. 11.54కి చేరేవరకు నొక్కుతూనే ఉన్నావు.

ఆ పదకొండు నిమిషాలు నీ వీపు లేచి పడటం చూశాను. ఎందుకో అర్థమైంది. అప్పుడు అద్దంలోంచి చూడటం మానేసి రోడ్డు చూశాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

11.21 దగ్గర ఆగిపోయాను. తడబాటు అని రాశావంటే ఆమె ఏదో అని ఉండాలి. ఏమీ అనని మనిషికి తడబాటు రాయరు. నువ్వు చాలాసేపు వంగి ఉన్నది అప్పుడే. ఆమె ఏమంది?

నేను అనుకుంటున్నది రాస్తాను. నా మీద ఏదో చెప్పి ఉంటుంది. ముప్పై ఆరేళ్లలో చెప్పకుండా దాచుకున్నది. పిల్లల కోసం డాక్టర్ల దగ్గరికి తిరిగిన రోజుల్లో నేను కొన్ని మాటలన్నాను. ఆమె వాటి గురించి మళ్లీ ఎత్తలేదు. అది అయి ఉంటుంది. నువ్వు నా మంచి కోరి తడబాటని రాసి మూసేసి ఉంటావు. అదే అయితే చెప్పు. వినగలను.

నాకు నీ మీద అసూయగా ఉంది. ఈ వాక్యం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. అరవై రెండేళ్లవాణ్ణి, బి.ఏ. చదివాను, ఇరవై ఆరేళ్ల అమ్మాయి మీద అసూయపడుతున్నాను. నువ్వు ఆమెని కాపాడలేదని కాదు. ఆ యాభై రెండు నిమిషాలు నీ దగ్గరున్నాయి, నా దగ్గర లేవు.

యలమంద

---

ఉంగుటూరు
16 జూలై 2025

మామయ్యా,

సోమవారం నుంచి నన్ను డ్యూటీకి రావద్దన్నారు. విచారణ 22న. ఆ రోజు అక్కడ అంతా చెప్పేస్తాను. కానీ వాళ్లకంటే ముందు మీరు వినాలి. మీరు ఏదేదో ఊహించుకుంటున్నారు. అందులో ఒక్కటీ కాదు.

బండిలో పేషెంటుని మేం మాట్లాడిస్తూ ఉండాలి. పేరేంటి, ఎక్కడున్నారు, ఇవాళ ఏ వారం, ఏమైంది. తర్వాత ఇంట్లోవాళ్ల పేర్లు. జవాబులు సరిగ్గా వస్తుంటే మెదడుకి రక్తం బాగానే అందుతున్నట్టు. తప్పుగా వస్తే మనిషి జారిపోతున్నట్టు. ట్రైనింగ్‌లో ఇలాగే నేర్పిస్తారు. కానీ మన పల్లెల్లో పెద్దవాళ్లని మీ ఆయన పేరేంటి అని అడిగితే నోరు విప్పరు. కొత్త ఈఎంటీలు జవాబు లేదు, స్పృహ తగ్గింది అని రాసేస్తారు. భర్త పేరు అడక్కండి, పిల్లల పేర్లు అడగండి అని వాళ్లకి చెప్పేది నేనే.

అత్తయ్యకి పిల్లలు లేరు. ఊరి పేరు చెప్పింది, వారం చెప్పింది. బీపీ పడుతోంది. నా నోరు దానంతటది తర్వాతి ప్రశ్న అడిగేసింది. మీ ఆయన పేరేంటి అని. పరాయి పేషెంటుని అడిగినట్టే.

అత్తయ్య మాస్క్ కొంచెం పక్కకి జరిపి, "యలమంద" అంది.

మీరు ఆవిడ నోట మీ పేరు ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు. ఓటర్ల జాబితా వాళ్లొస్తే లోపలికెళ్లి కరెంటు బిల్లు తెచ్చి చూపించేది. ఆధార్ కోసం వెళ్లినప్పుడు నన్ను చెప్పమని మోచేత్తో పొడిచింది. ఇంటర్లో ఉండగా నేను ఎంత ఏడిపించానో. ఒక్కసారి అను అత్తయ్యా, ఎవరూ వినరు అంటే, అట్లకాడ తీసుకుని వెంటపడేది. ఆయన ఆయుష్షు తగ్గుతుందే పిచ్చిదానా అనేది.

అలాంటి మనిషి పేరు పెట్టి చెప్పింది. మతి తప్పిందనుకున్నాను. వేరే ఎవరైనా అయితే సరైన జవాబని టిక్కు పెట్టేదాన్ని. మా అత్తయ్య కాబట్టి తడబాటని రాశాను. డాక్టర్ గారికి ఫోన్లో అదే చెప్పాను. బీపీ కూడా చెప్పాను. నూజివీడులో ఆగవద్దు, నేరుగా పెద్దాసుపత్రికే తీసుకెళ్లమన్నారు.

బండి నూజివీడు దాటాక మళ్లీ అడిగాను. అత్తయ్యా, ఇందాక ఏమన్నావు అని. అత్తయ్య నన్ను చూసింది. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే చెప్పినంత మామూలుగా, "అడిగావుగా, రాసుకో" అంది.

మతి ఎక్కడికీ పోలేదు మామయ్యా. నేను అడిగింది పని కోసమని, తను చెప్పకపోతే నా పని ఆగుతుందని తెలిసే చెప్పింది. ఆ సంగతి నేను మళ్లీ ఫోన్ చేసి డాక్టర్ గారికి చెప్పలేదు. వెనక్కి తిప్పమంటారేమో అని భయపడ్డాను. తిప్పి ఉంటే బతికేదేమో అని ఇప్పుడు భయపడుతున్నాను. మీకు ఆ మొదటి మాట చెబితే ఈ రెండోది కూడా చెప్పాలి. అందుకే రెండూ దాచాను.

పెద్దకర్మ రోజు ఆడవాళ్లకి చెప్పినదాంట్లో ఇది లేదు. ఇది ఎవరికీ చెప్పలేదు.

మీరు ఏం చేసినా సరే.

యోగిత

---

తోట, రెడ్డిగూడెం
20 జూలై 2025

యోగితకు,

నీ ఉత్తరం శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. శనివారం ఉదయం మొదటి బస్సుకి మీ జిల్లా ఆఫీసుకి వెళ్లాను. అర్జీ వెనక్కి తీసుకుంటానన్నాను. అలా కుదరదు, చెప్పేది ఉంటే స్టేట్‌మెంటు రాసివ్వమన్నారు. బెంచీ మీద కూర్చుని రాసిచ్చాను. నీకు తెలియాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

"నా భార్య సీతారావమ్మ ముప్పై ఆరేళ్ల కాపురంలో నా పేరు పలకలేదు. ఆమెని ఎరిగినవాళ్లు ఎవరైనా, ఆ స్థితిలో ఆమె నోట నా పేరు వింటే మతి తప్పిందనే అనుకుంటారు. పక్కన నేనున్నా అదే అనుకునేవాణ్ణి. ఈఎంటీ యోగిత ఆ క్షణంలో రాసింది తప్పని నేను అనను. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టడం వల్ల సమయం కలిసొచ్చింది. పైలట్ మార్టిన్ మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు."

రెండో మాట గురించి రాయలేదు. అది నువ్వే చెబుతానన్నావు. చెప్పు. దాచవద్దు. దాచుకుని ఆ బండి ఎక్కితే ప్రతి పేషెంటు దగ్గరా నీకు అదే గుర్తొస్తుంది.

అక్కడ కేసులు పరిశీలించే డాక్టరు ఒకాయన ఉన్నాడు. చిన్నవాడే. అడిగాను. నూజివీడులో ఆగి ఉంటే ఏమయ్యేదని. "బీపీ ఎనభై నాలుగు ఉన్నప్పుడు నేనైనా ఆగవద్దనే చెప్పేవాణ్ణండి" అన్నాడు. అంటే బతికేది కాదా అన్నాను. "అది చెప్పలేనండి" అన్నాడు. తెలియనిది తెలుసని చెప్పనందుకు అతని మీద గౌరవం కలిగింది. నువ్వూ నేనూ కూడా అక్కడే ఆగాలి. అంతకు మించి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇక నా సంగతి.

స్టేట్‌మెంటులో తడబాటని ఎవరైనా అనుకుంటారని రాశాను. అది తడబాటు అని రాయలేదు. గుమస్తా ఆ వాక్యాన్ని సూటిగా మార్చమన్నాడు. "పేషెంటు మతి స్థిమితం కోల్పోయింది" అని రాస్తే అమ్మాయికి ఇంకా మంచిది, కేసు ఈ పూటే మూసేస్తారన్నాడు. కలం చేతిలోనే ఉంది. ఆ ఒక్క ముక్క రాస్తే నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు. రాస్తే ఆమె నా పేరు అననట్టే. మతి లేనప్పుడు అన్నది అన్నట్టు కాదు.

రాయలేదు. నీకు కొంత నష్టం చేశానేమో. అది తెలిసే చేశాను. అన్నీ నీకు ఇవ్వడం నాకు చేతకాలేదు.

నిన్న బస్సులో వస్తూ నీ ఉత్తరం మళ్లీ తీశాను. ఆమె అన్నది నీ కాగితం కోసమని రాశావు. అయి ఉండవచ్చు. నువ్వు అక్కడ ఉన్నావు, నేను లేను. కానీ నీ పని కోసమే అయితే ఊరి పేరు, వారం చెప్పింది కదా, అవి చాలు. అడిగిన వెంటనే, ఒక్కసారి కూడా వెనకాడకుండా చెప్పిందంటే ఆ పేరు ఆమె నోట్లో ముందే ఉండి ఉండాలి. ముప్పై ఆరేళ్లు ఎక్కడో అనుకుంటూనే ఉండి ఉండాలి. నాకు వినపడకుండా. ఇలా అనుకోవడం నాకు బాగుంది. నువ్వు కాదనవద్దు.

అసూయ తగ్గిందని రాస్తే అబద్ధం. పెరిగింది. ఇన్నాళ్లూ నువ్వు ఏం విన్నావో తెలియక అసూయ. ఇప్పుడు తెలిసి. నన్ను చూసిన ఊరివాళ్లందరూ నా పేరు అంటారు. బ్యాంకులో అంటారు, మార్కెట్లో కాటా దగ్గర అంటారు. వినవలసిన ఒక్క గొంతులో మాత్రం నేను వినలేదు. నువ్వు విన్నావు. అది నీ దగ్గరే ఉంది, ఇంకెక్కడా లేదు. నీకేమైనా అయితే అది కూడా పోతుంది.

అందుకని అడుగుతున్నాను. 22న విచారణ అయ్యాక, ఫలితం ఏదైనా సరే, ఇంటికి రా. కాఫీ నేనే పెడతాను. బాగోకపోతే చెప్పు. వెనక అరుగు మీద నీ పక్కన కూర్చుంటాను. ఎలా అందో ఒక్కసారి అని చూపించు. గట్టిగా అందా, మెల్లగానా. చివరి అక్షరం తేల్చేసిందా, నొక్కిందా. మాస్క్ జరపడానికి ఏ చెయ్యి ఎత్తింది.

పెద్దవాళ్ల పేరు ఎలా పలకాలని మొహమాటపడకు. నా ఆయుష్షు గురించి కూడా ఆలోచించకు. ఆమె అన్నట్టే అను.

ఎదురుచూస్తూ,
నీ మామయ్య